హబ్ గేరు తెస్తానంటున్నాడు తమ్ముడు, సైకిలే వద్దంటున్నారు మా వారు

ప్రశ్న: విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాం.

ఆమెకు 41 ఏళ్లు. ఎంవీపీ కాలనీలో ఉంటారు. రుషికొండ దగ్గర ఐటీ హిల్ మీద ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు హెచ్చరించాక సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఇప్పుడు రోజు మొత్తంలో తనకంటూ మిగిలిన సమయం అదొక్కటేనట. సైకిల్ 21 గేర్ల హైబ్రిడ్, రిమ్మును పట్టుకునే వీ-బ్రేకులు. 'బీచ్ రోడ్డు ఉప్పుగాలికి చైను రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్కూటర్లు తీసేవాళ్లు నా సైకిల్‌ని గోడకు నెట్టేస్తారు. వెనక గేరు వేలాడే హ్యాంగర్ ఇప్పటికి రెండుసార్లు వంగింది. పోయిన వర్షాకాలంలో కొండ దిగుతుంటే బ్రేకు గట్టిగా నొక్కినా పట్టలేదు. లివర్ రాయిలా ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర పడ్డాను, మోకాలికి కుట్లు పడ్డాయి. పల్టీ కొడతానేమోనని ముందు బ్రేకు నేనెప్పుడూ ముట్టుకోను' అని రాశారు.

ఆ రోజు నుంచి భర్త 'ఇక చాలు, ఎలక్ట్రిక్ స్కూటర్ కొనుక్కో' అంటున్నారు. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్‌లో ఉన్న తమ్ముడు 'అక్కా, ఇక్కడ సగం మంది హబ్ గేరే (గేర్లన్నీ వెనక చక్రం మధ్య డబ్బాలోనే ఉండే రకం) వాడతారు, చైను తుప్పు గొడవే ఉండదు. డిసెంబరులో వచ్చేటప్పుడు షిమానో కంపెనీ ఆల్ఫైన్ రకం 8 గేర్ల చక్రం తెస్తా, దానికి డిస్క్ బ్రేకు పెట్టించుకో' అంటున్నాడు. సైకిల్ షాపతను 'ఆ గేరు మేం విప్పం మేడమ్' అన్నాడు. సైక్లింగ్ గ్రూపులో స్నేహితురాలు 'అది బరువు, కొండెక్కలేవు, మంచి రోడ్ బైక్ (వంగిన హ్యాండిలుతో వేగంగా వెళ్లే సైకిల్) కొనుక్కో' అంది. చేతిలో చిట్టీ పాడగా వచ్చిన 60 వేలున్నాయి. 'తమ్ముణ్ని వద్దంటే చిన్నబుచ్చుకుంటాడు. సరేనంటే, అక్కాతమ్ముళ్లు కలిసి నా మాట తీసిపారేశారని మా వారు అంటారు. ఏం చేయమంటారు?' అని అడిగారు. సైకిల్ ఫొటోలు కూడా పంపారు.

జవాబు: మీరు పడింది బ్రేకు వల్ల. గేరుకు ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేదు. కానీ ఉత్తరంలో ముప్పావు వంతు గేరు గురించే ఉంది. షాపతను గేరు గురించి మాట్లాడాడు, స్నేహితురాలూ గేరు గురించే మాట్లాడింది. మీ తమ్ముడు రెండూ కలిపి ఒకే మూటగా కట్టాడు. ముందు ఆ మూట విప్పుదాం. హబ్ గేరు వేరు, డిస్క్ బ్రేకు వేరు. ఒకటి తీసుకుంటే రెండోది తీసుకోవాలని ఏమీ లేదు. చైను తుప్పు, హ్యాంగర్ వంగడం గేరు వైపు సమస్యలు. అవి మీ ఓపికను తినేస్తాయి గానీ ప్రాణం మీదికి తేవు. బ్రేకు అలా కాదు, కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

'లివర్ రాయిలా ఉంది' అన్న మీ మాటను ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అదే అసలు సంగతి అనిపించింది. వీ-బ్రేకు లివర్ మామూలుగా రెండు వేళ్లకే మెత్తగా లొంగుతుంది. రాయిలా బిగుసుకుందంటే లోపలి తీగ దాని గొట్టంలోనే తుప్పు పట్టి ఉండాలి. అప్పుడు మీ చేతి బలంలో సగం తీగను కదిలించడానికే ఖర్చవుతుంది, రిమ్ముదాకా చేరేది మిగతా సగం. దాని మీద వాన. తడిసిన అల్యూమినియం రిమ్ము మీద బ్రేకు రబ్బరు ముందు నీళ్లు తుడవాలి, తర్వాతే పట్టు దొరుకుతుంది. చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగేదాకా బ్రేకే లేనట్టు ఉంటుంది. మీ చక్రం రెండు చుట్లు తిరిగిందంటే నాలుగు మీటర్లు దాటినట్టే. ఇక మూడోది, ముందు బ్రేకు మీరు ముట్టుకోకపోవడం. పల్లంలో బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అలాంటప్పుడు వెనక బ్రేకు ఒక్కటే నొక్కితే సైకిల్ ఆగదు, జారుతుంది. పల్టీ భయం మీ ఒక్కరిదే కాదు. చిన్నప్పుడు సైకిల్ నేర్పినవాళ్లు మనందరికీ ఎక్కించిందే. ఒంటిని కాస్త వెనక్కి జరిపి, రెండు లివర్లూ కలిపి, ముందుదాన్ని మెల్లగా పెంచుతూ నొక్కితే పల్టీ కొట్టరు. సెలవు రోజు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద సాధన చేయండి.

కాబట్టి అన్నిటికంటే చవకైన దారి ఇది. తీగలు, వాటి గొట్టాలు రెండు పక్కలా కొత్తవి వేయించండి. స్టెయిన్‌లెస్ తీగ అడిగి తీసుకోండి, ఉప్పుగాలికి అది ఎక్కువ కాలం నిలుస్తుంది. బ్రేకు రబ్బర్లు వానకు పనికొచ్చే మెత్తని రకం వేయించండి. రిమ్ము పక్క భాగం మీద వేలు పెట్టి చూడండి. లోపలికి గిన్నెలా వంగి ఉంటే ఇసుక, రబ్బరు కలిసి దాన్ని అరగదీశాయన్నమాట, ఆ రిమ్ము మార్చాల్సిందే. ఇదంతా చేయించినా మీ 60 వేలల్లో చిన్న ముక్కే అవుతుంది. డిస్కు కొన్నా కొనకపోయినా, గేరు మార్చినా మార్చకపోయినా, ఈ పని మాత్రం ఈ వారమే చేయించండి. డిసెంబరు దాకా ఆగకండి. అక్టోబరు, నవంబరు అల్పపీడనాల సంగతి విశాఖవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డిస్కు. వానలో అది మేలు, అందులో అనుమానం లేదు. రోటరు (ప్యాడ్లు పట్టుకునే గుండ్రటి రేకు) చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి నీళ్లు, ఇసుక తక్కువగా చేరతాయి. చేరినా ప్యాడ్లు గట్టిగా పట్టుకుని వెంటనే తుడిచేస్తాయి. రిమ్ము అరిగే బెడద కూడా ఉండదు. అయితే మీ ఫొటో చూస్తే, వెనక ఎడమ పక్క ఫ్రేముకు డిస్కు క్యాలిపర్ (ప్యాడ్లు ఉండే భాగం) బిగించే రంధ్రాలు లేవు. తమ్ముడు తెచ్చే చక్రానికి రోటరు తగిలించే ఏర్పాటు ఉన్నా, దాన్ని పట్టుకోవాల్సిన క్యాలిపర్‌కు మీ సైకిల్ మీద చోటు లేదు. వెల్డింగ్ చేయిస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అల్యూమినియం ఫ్రేము మీద అలాంటి ప్రయోగం కొండ దిగేటప్పుడు బెడిసికొడుతుంది.

పాత సైకిల్‌తోనే డిస్కు కావాలంటే ఒక మధ్యేమార్గం ఉంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును డిస్కు బిగించే రకానికి మార్చి, దానికి సరిపడే ముందు చక్రం వేయించడం. వెనక వీ-బ్రేకు అలాగే ఉంటుంది. ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే కాబట్టి, అసలు లాభం చేతికొచ్చినట్టే. కొత్త ఫోర్కు పొడవు పాతదానికి దగ్గరగా ఉండాలి, లేకపోతే హ్యాండిల్ తీరు మారిపోతుంది. తీగతో పనిచేసే క్యాలిపర్ తీసుకుంటే మీ వీ-బ్రేకు లివర్‌కు సరిపోయే రకమే అడగండి. రోడ్ బైకు లివర్లు తీగను తక్కువ లాగుతాయి, మీవి ఎక్కువ లాగుతాయి. రెండు రకాల క్యాలిపర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కలగాపులగం చేస్తే బ్రేకు సరిగ్గా పనిచేయదు.

తీగ డిస్కా, హైడ్రాలిక్ డిస్కా? మీ ఊరికైతే నేను హైడ్రాలిక్ వైపే మొగ్గుతాను. ఊరి పేరు ఎత్తి మరీ చెప్పడానికి కారణం ఉప్పుగాలే. హైడ్రాలిక్‌లో తుప్పు పట్టడానికి తీగే ఉండదు, నూనె గొట్టంలో మూసి ఉంటుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ అదే సర్దుకుంటుంది. దీంట్లో చిక్కేమిటంటే, గాలి చేరితే బ్లీడింగ్ (గొట్టంలోని గాలిని బయటికి తీయడం) చేయించాలి, ఆ పని అందరికీ రాదు. షిమానో, టెక్ట్రో బ్రేకులకు మినరల్ ఆయిలే పోయాలి. మోటార్ సైకిల్ మెకానిక్ దగ్గరికి వెళ్తే మంచి మనసుతోనే బండ్లకు పోసే డాట్ ఫ్లూయిడ్ పోసేస్తాడు. లోపలి సీళ్లు ఉబ్బి బ్రేకు మొత్తం పాడవుతుంది. తీగ డిస్కు అయితే ఏ షాపులోనైనా తీగ మారుస్తారు, కానీ ప్యాడ్లు అరుగుతున్నప్పుడల్లా మరలు తిప్పి దగ్గరకు జరుపుకోవాలి, ఇప్పుడు మీకొచ్చిన తుప్పు గొడవ మళ్లీ రావచ్చు. నెలకోసారి చేయి పెట్టే ఓపిక ఉంటే తీగ చాలు. లేకపోతే హైడ్రాలిక్.

ఏది తీసుకున్నా డిస్కుకు అసలు శత్రువు నూనె. చైను మీద స్ప్రే కొడుతుంటే నాలుగు చుక్కలు రోటరు మీద పడినా చాలు, ప్యాడ్లు పీల్చుకుని పనికిరాకుండా పోతాయి. సైకిల్ కీచుమంటోందని జాలిపడి రోటరుకే నూనె రాసే వాచ్‌మన్లు ఉంటారు. ముందే చెప్పి ఉంచండి. ఇంకోటి. పంక్చర్ షాపులో చక్రం ఊడదీసి పక్కన పెట్టినప్పుడు ఎవరైనా హైడ్రాలిక్ లివర్ నొక్కారంటే ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి, తర్వాత రోటరు దూరదు. మధ్యలో ఒక మందపాటి అట్టముక్క పెట్టించండి. కొత్త ప్యాడ్లు వేయించిన రోజే కొండ దిగకండి. చదును రోడ్డు మీద కొంచెం వేగం అందుకుని మెల్లగా తగ్గించడం, మళ్లీ అందుకుని తగ్గించడం, ఇలా ఓ ఇరవై సార్లు చేస్తే ప్యాడు రోటరుకు అలవాటు పడుతుంది. బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చే ఇసుక గురించి కూడా గుర్తుంచుకోండి. డిస్కు చక్రాన్ని ఎంత గట్టిగా పట్టినా, రోడ్డును పట్టేది టైరే. ఇసుక మీద గట్టిగా నొక్కితే చక్రం ఆగుతుంది, మీరు ఆగరు.

ఇక తమ్ముడి గేరు దగ్గరికి వద్దాం. హబ్ గేరు అంటే చక్రం మధ్యలోని డబ్బాలోనే పళ్ల చక్రాలన్నీ దాగి ఉండటం. కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్‌ను 1902లోనే మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ చదును నేల, వాన, రోజూ ఆరుబయట వదిలేసే సైకిళ్లు, వాటికి అది అతికినట్టు సరిపోయింది. మీ తమ్ముడు చెబుతున్నదాంట్లో తప్పులేదు. బయట వేలాడుతూ చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డీరైలర్ ఉండదు, సెల్లార్‌లో స్కూటరు తగిలి వంగేది ఉండదు. చైను పక్కకు కదలకుండా ఒకే గీతలో తిరుగుతుంది కాబట్టి మందపాటి చైను వేసుకోవచ్చు, దాన్ని పూర్తిగా కవరులో మూసేయవచ్చు. ఉప్పుగాలి తగలదు, చీర కొంగూ చున్నీ పడవు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మారుతుంది. బస్సు వెనక పెద్ద గేరులో ఆగిపోయి, పచ్చలైటు పడగానే తొక్కలేక తిప్పలు పడే బాధ ఉండదు. దీనికి అలవాటు చేసుకోవాల్సింది ఒక్కటే. మార్చే క్షణంలో పెడల్ మీద బలం తగ్గించాలి.

ఇవన్నీ నిజమే. అయితే ఇవన్నీ హబ్ గేరు కోసమే తయారైన సైకిల్‌కు వచ్చే లాభాలు. మీ పాత ఫ్రేముకు తగిలిస్తే లెక్క మారిపోతుంది. ఫొటోలో చూడండి, మీ వెనక ఇరుసు కూర్చునే గాడి నిలువుగా కిందికి ఉంది. హబ్ గేరుకు చైను బిగువు సర్దాలంటే చక్రాన్ని వెనక్కి జరపగలగాలి, మీ ఫ్రేములో జరగదు. అందుకే టెన్షనర్ అనే చిన్న చేయి వేలాడదీయాలి. ఆ టెన్షనర్ బిగించేది ఎక్కడో తెలుసా? మీకు రెండుసార్లు వంగిన ఆ హ్యాంగర్‌కే! సెల్లార్‌లో స్కూటరు మళ్లీ దానికే తగులుతుంది. టెన్షనర్ అడ్డం ఉంటే చైనుకు నిండు కవరూ కుదరదు. తుప్పు, వంగడం, ఏ రెంటి నుంచి తప్పించుకోవాలని మీరు చూస్తున్నారో ఆ రెండూ మిగిలిపోతాయి. గేరు మాత్రం మారుతుంది.

కొండ సంగతి కూడా లెక్కేసి చూద్దాం, మీ స్నేహితురాలి మాట ఎంతవరకు నిజమో తెలుస్తుంది. మీ సైకిల్లో అన్నిటికంటే తేలిక గేరు ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు. అంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు. ఆల్ఫైన్ 8లో మొదటి గేరు 0.527, ఎనిమిదోది 1.615. మధ్యలో అయిదో గేరు నేరుగా 1. ముందు 38, వెనక 19 పళ్లు పెడితే రెండింతలు, దాన్ని 0.527తో గుణిస్తే అన్నిటికంటే తేలిక గేరు 1.05 అవుతుంది. దాదాపు ఇప్పుడు మీకున్నదే. అంటే ఇప్పుడు ఎక్కగలుగుతున్న కొండను అప్పుడూ ఎక్కుతారు, కొత్త సౌకర్యం మాత్రం రాదు. పెద్ద గేరులో నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకు సుమారు 33 కిలోమీటర్లు, ఆఫీసు దారికి అది ఎక్కువే. 21 గేర్లు పోయి 8 మిగులుతాయని బెంగపడకండి. ఆ 21లో చాలా గేర్లు ఒకదాని మీద ఒకటి పడేవే, షోరూమ్ బోర్డు మీద అంకె పెద్దగా కనబడటానికి తప్ప పనికిరావు.

బరువు నిజమే, మొత్తం మీద ఓ కిలో పెరుగుతుంది. లోపల పళ్లు ఒకదాన్నొకటి తిప్పుకునే క్రమంలో కొంత బలమూ పోతుంది. 2001లో చెస్టర్ కైల్, ఫ్రాంక్ బెర్టో అనే ఇద్దరు సైకిల్ పరిశోధకులు కొలిచి చూస్తే డీరైలర్ కంటే హబ్ గేర్లు సుమారు 2 శాతం వెనకబడ్డాయి. అది కూడా శుభ్రమైన డీరైలర్‌తో పోల్చి. ఎర్రబడ్డ చైనుతో తిరిగే డీరైలర్ ఆ 2 శాతాన్ని ఎప్పుడో మింగేసి ఉంటుంది. మీ ఆఫీసు దారిలో అది నిమిషం కూడా కాదు. గ్రూపుతో ఆదివారం వేగంగా వెళ్లాలంటే తెలుస్తుంది గానీ, మీరు అడిగింది ఆఫీసుకు వెళ్లడం గురించి.

షాపతను 'విప్పం' అన్నాడని భయపడ్డారు. అతను నిజాయితీగా చెప్పాడు, రాదని చెప్పకుండా విప్పేవాడి కంటే నయం. రోజువారీ సర్దుబాటుకు ఆ డబ్బా విప్పనక్కర్లేదు. నాలుగో గేరులో పెట్టి, హబ్ దగ్గర కనిపించే రెండు పసుపు గీతలు ఒకదానికొకటి ఎదురుగా వచ్చేదాకా తీగ దగ్గర మర తిప్పడమే. మీరే చేసుకోవచ్చు. కష్టం రెండు చోట్ల. రెండేళ్లకోసారి, బాగా తిప్పితే 5000 కిలోమీటర్లకోసారి, లోపలి భాగం బయటికి తీసి నూనెలో ముంచి పెట్టాలి. అది తెలిసిన మనిషి మీ ఊళ్లో దొరకకపోతే చక్రం పార్సిల్ కట్టి హైదరాబాదుకో బెంగళూరుకో పంపాల్సి రావచ్చు. అన్నాళ్లూ వాడటానికి పాత చక్రం దాచి ఉంచాలి. రెండోది పంక్చర్. వెనక చక్రం ఊడదీయాలంటే గేరు తీగ విడదీసి, 15 నంబరు పానాతో నట్లు విప్పి, ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు ఏ పక్కవి ఆ పక్కే తిరిగి పెట్టాలి. సాయంత్రం చీకటిపడ్డాక సాగర్ నగర్ దగ్గర ఒంటరిగా ఇది చేయాలంటే టెన్షనే. అయితే మన పంక్చర్ షాపులవాళ్లకు చక్రం ఊడదీయకుండానే టైరు ఒక పక్క లేపి, ట్యూబు బయటికి లాగి అతికించే విద్య వచ్చు. హబ్ గేరుకు ఆ పద్ధతే మంచిది. ముందే మందపాటి, ముల్లు దిగని రకం టైరు వేయిస్తే అసలు ఆ అవసరమే తక్కువ. డబ్బా లోపల పదిలంగా ఉంది కదా అని వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్‌తో మాత్రం కొట్టించకండి. సీళ్లు దాటి నీళ్లు లోపలికి పోతే తుప్పు ఈసారి మీ కంటికి కనబడని చోట పడుతుంది.

ఇప్పుడు 60 వేలతో ఏం చేయవచ్చో చూద్దాం. మొదటిది, ఏమీ కొనకుండా పాతదాన్ని బాగుచేయించి ఒక వర్షాకాలం చూడటం. పైన చెప్పిన బ్రేకు పనులతో పాటు నికెల్ పూత ఉన్న చైను, నిండు మడ్‌గార్డులు, ఒక స్పేర్ హ్యాంగర్. వారానికి రెండుసార్లు పొడిగుడ్డతో చైను తుడిచి, లింకుకో చుక్క నూనె. ఈ చాకిరీ పోదు, కానీ ఏ వీధిలోనైనా బాగుచేసే సైకిల్ మీ దగ్గర ఉంటుంది. సెల్లార్ సమస్యను గేరుతో తీర్చడం కంటే స్థలంతో తీర్చడం తేలిక అని కూడా నాకనిపిస్తుంది. అసోసియేషన్‌లో అడిగి గోడకు ఒక హుక్కు కొట్టించుకోండి. కుడిపక్క గోడ వైపు ఉండేలా నిలబెట్టినా సగం దెబ్బలు తప్పుతాయి.

రెండోది, ఇక్కడే హైడ్రాలిక్ డిస్కులున్న మామూలు డీరైలర్ హైబ్రిడ్ కొనడం. మీ బడ్జెట్‌లో దొరుకుతాయి. ముందు ఒకే పళ్ల చక్రం, వెనక ఎక్కువ పళ్లున్న రకం చూడండి. మీ కొండకు ఇప్పటికంటే తేలిక గేరు వస్తుంది. బ్రేకు సమస్య పూర్తిగా పోతుంది, చైను సమస్య సగం మిగులుతుంది. గ్రూపులో చెప్పిన రోడ్ బైకు మీ పనికి కాదు. వంగిన హ్యాండిలుతో ట్రాఫిక్‌లో తల ఎత్తి చూడటం కష్టం, మడ్‌గార్డుకూ క్యారియరుకూ చాలావాటిలో చోటుండదు. పైగా రోడ్ బైకు కొని తర్వాత హబ్ గేరు వేసుకుందామనుకుంటే, డిస్కు ఉన్న కొత్త రోడ్ బైకుల్లో ఎక్కువగా ఇరుసు ఫ్రేములోంచి దూరిపోయే 12 మిల్లీమీటర్ల రకం. ఆల్ఫైన్‌కు నట్లతో బిగించే ఇరుసు కావాలి, అందులో కూర్చోదు. వంగిన హ్యాండిల్ లివర్లలోనే ఇమిడి, తీగతో ఈ 8 గేర్లను మార్చే మీటను షిమానో చేయదు కూడా.

మూడోది, నిజంగా హబ్ గేరు మీదే మనసుంటే, దానికోసమే పుట్టిన సైకిల్ తీసుకోవడం. ఇరుసు వెనక్కి జరిగే గాడులు, డిస్కు రంధ్రాలు, చైను కవరు అన్నీ ఉన్నది. ఇక్కడి షాపుల్లో అరుదు. తమ్ముడు అక్కడ వాడినది కొని పెట్టెలో కట్టి తేవాలి. విమానం ఛార్జీ, కస్టమ్స్ సుంకం అతను ముందే కనుక్కోవాలి, ఆ సుంకం తక్కువే ఉంటుందని ఊహించుకుని బయల్దేరకూడదు. మీ ఎత్తుకు సరిపడే ఫ్రేమా అన్నది ముఖ్యం. డచ్చివాళ్లు పొడుగరులు, వాళ్ల సైకిళ్లూ అంతే. వీధి వాడుకవి చాలావరకు 20 కిలోల దరిదాపుల్లో ఉంటాయి, ఐటీ హిల్ ఎక్కడానికి అలాంటిది వద్దు. అక్కడి సైకిళ్లలో ఎడమ లివర్ ముందు బ్రేకు, మన దగ్గర కుడి లివర్. తీగలైతే మార్చుకోవడం సులువు, హైడ్రాలిక్ అయితే గొట్టాలు విప్పి మళ్లీ బ్లీడింగ్ చేయాలి. మార్చకుండా అలవాటు మీద నొక్కితే మీరు భయపడే పల్టీ అప్పుడు నిజమవుతుంది.

పాత ఫ్రేముకు తమ్ముడి చక్రం తగిలించడం నాలుగో దారి. కారణాలు పైన రాశాను. నాకైతే అన్నిటికంటే తక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అనిపిస్తుంది. అయినా అతను అప్పటికే కొనేసి ఉంటే పారేయాల్సిన పని లేదు. అక్కడే రిమ్ముకు అల్లించి తెమ్మనండి. ఉత్త హబ్ తెస్తే ఇక్కడ సరైన పొడవు స్పోకులు దొరకడం కష్టం. టైరు లేని చక్రం పొడవు, వెడల్పు, మందం కలిపితే 150 సెంటీమీటర్ల లోపే. విమాన సంస్థలు మామూలుగా ఒప్పుకునే 158లో పడుతుంది. నిలువు గాడికి సరిపడే వాషర్లు, ఒక గేరు మీట, రెండు తీగలు, టెన్షనర్, 19 పళ్ల చక్రం, గేరు తీగను హబ్‌కు తగిలించే చిన్న జాయింటు ముక్క అదనంగా ఒకటి, ఇవన్నీ కలిపి తేవాలి. వీటిలో ఒక్కటి మర్చిపోయినా చక్రం అటక మీదే ఉంటుంది.

మీ వారి సంగతి. ఆయన స్కూటర్ అన్నది మీ మాట కాదనడానికి కాకపోవచ్చు. కుట్లు వేస్తున్నప్పుడు ఆయన పక్కనే ఉన్నారని మీరే రాశారు. ఆయనకు గేరు లెక్కలు చెప్పకండి, వినరు. ఎందుకు పడ్డారో చెప్పండి. తుప్పు పట్టిన తీగ, తడి రిమ్ము, ముట్టుకోని ముందు బ్రేకు. పాత తీగను షాపులో విప్పించి ఇంటికి తెచ్చి చూపించండి. బాగుచేయించాక కొండ కింద ఆయన్నే ఓసారి తొక్కి బ్రేకు నొక్కి చూడమనండి. స్కూటర్ వద్దే వద్దని పట్టుబట్టడం కూడా అనవసరం. వాన కుండపోతగా ఉన్న రోజు, రాత్రి ఆలస్యమైన రోజు ఆఫీసుకు వేరే దారి ఉండటం మంచిదే. ఆ ఒప్పందం మీరే ముందుగా ప్రతిపాదిస్తే మిగతా రోజుల గురించి ఆయనతో మాట్లాడటం తేలికవుతుంది. అయితే చిట్టీ డబ్బు మొత్తం స్కూటర్‌కు పోతే సైకిల్ మూలన పడుతుంది, షుగరు గురించి డాక్టరుతో మళ్లీ మొదటి నుంచి మాట్లాడాల్సి వస్తుంది. ఈ లెక్క కూడా ఆయన ముందు పెట్టండి.

తమ్ముడికి వద్దని చెప్పకండి, ఇంకా కొనవద్దని చెప్పండి. ఈ ఆదివారం మూడు ఫొటోలు తీసి పంపండి: వెనక ఇరుసు కూర్చునే గాడి, ఎడమ పక్క ఫ్రేము, చక్రం తీసి స్కేలు పెట్టి ఆ గాడుల మధ్య దూరం. ఆ దూరం 135 మిల్లీమీటర్లు లేకపోతే ఆల్ఫైన్ మాట అక్కడితో ఆగిపోతుంది. ఉంటే, టెన్షనర్ ఎక్కడ బిగుస్తుందో అతన్నే చూసి చెప్పమనండి. మీరు చెబితే నొచ్చుకునే మాట అతనికే కనబడితే నొచ్చుకోడు. అప్పుడు అతను ఏదైనా తేవాలని అడిగితే, వానకు పనికొచ్చే బ్రేకు రబ్బర్లు రెండు జతలు, ముల్లు దిగని టైర్లు రెండు, డైనమోతో వెలిగే ముందు లైటు అడగండి. ఒకవేళ మీరు రెండో దారిలో డిస్కు సైకిల్ కొన్నా రబ్బర్లు తప్ప మిగతావి పనికొస్తాయి. లైటుకు మాత్రం డైనమో హబ్ ఉన్న ముందు చక్రం కావాలి, ముందు ఫోర్కు మార్చే ఆలోచన ఉంటే ఆ చక్రం అల్లించేటప్పుడే డిస్కుకూ డైనమోకూ కలిపి పనికొచ్చే హబ్ వేయించుకోవచ్చు.